లెక్క పుస్తకం ఎవరి చేతిలో ఉండాలి?

భార్యాభర్తల్లో ఒకరు చదువుకుంటూ మరొకరు ఇల్లు నడుపుతున్న కుటుంబాల నుంచి ఈ మధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో మూడింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు పట్టింది. అందులోని ఇబ్బంది చాలా ఇళ్లలో ఉన్నదే.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 31. మలక్‌పేటలో ఒక ఆసుపత్రి అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. కోతలన్నీ పోగా చేతికి 34,000 వస్తుంది. మా వారు ప్రైవేటు కంపెనీలో ఎనిమిదేళ్లు పని చేసి, టీచరు కావాలన్న కోరికతో ఉద్యోగం మానేసి బి.ఎడ్.లో చేరారు. ఆయనది లెక్కల సబ్జెక్టు, ఇప్పుడు రెండో సంవత్సరం. సరూర్‌నగర్‌లో అద్దెకు ఉంటున్నాం. పాప యూకేజీ చదువుతోంది. అద్దె 11,000, కిరాణా, పాలు, కూరగాయలు కలిపి 9,500, చిట్టీ 5,000, క్రెడిట్ కార్డుకు 3,000, నా స్కూటీ పెట్రోలుకు 2,000, పాప వ్యానుకు 1,500, గ్యాసు, కరెంటు 1,500, ఫోన్లకు 900 అవుతున్నాయి. ఇరవయ్యో తారీఖు దాటితే చేతిలో ఏమీ ఉండదు. కార్డు మీద 46,000 బాకీ పేరుకుంది. చిట్టీ లక్ష రూపాయలది, ఇరవై నెలలు, రిజిస్టరైన సంస్థలోనే వేశాం, పదకొండు నెలలు కట్టాం. మొన్న మా వారు జిరాక్సుకు వంద రూపాయలు అడిగితే "ఇప్పుడే కావాలా?" అన్నాను. ఆయన మారుమాట్లాడలేదు. ఆ రాత్రి ఒంటి గంటకు మెలకువ వచ్చి చూస్తే, స్నేహితుడి పుస్తకం ముందు పెట్టుకుని పేజీలకు పేజీలు చేత్తో రాసుకుంటున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. అయినా వచ్చే నెల మళ్లీ అదే మాట అనేస్తానేమోనని భయంగా ఉంది. ఏ ఖర్చు తగ్గించమంటారు?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, సరూర్‌నగర్

జవాబు: అమ్మా, మీరు రాసిన ఖర్చులన్నీ కూడి చూశాను. 34,400 అయింది. వచ్చేది 34,000. అంటే నెల మొదలయ్యే నాటికే మీరు నాలుగు వందలు వెనకబడి ఉన్నారు. పైగా ఆ పట్టికలో పాప స్కూలు ఫీజు లేదు, ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే డాక్టరుకు ఇచ్చే డబ్బు లేదు, ఆయన చదువుకు ఒక్క రూపాయి లేదు. లెక్కలో చోటు లేని ఖర్చు ఎప్పుడొచ్చినా అడిగి తీసుకోవాల్సిందే. అడిగిన ప్రతిసారీ అడిగినవారు చిన్నబోతారు, ఇచ్చేవారు విసుక్కుంటారు. మీ నోట ఆ మాట రావడానికి మీ స్వభావం కారణం కాదు. ఆ వంద రూపాయలకు మీ పట్టికలో ఒక గడి లేకపోవడమే కారణం.

అందుకని ఖర్చు తగ్గించడం కన్నా ముందు ఒక పని చేయమంటాను. ఇంటి లెక్క పుస్తకాన్ని మీ వారి చేతికి ఇవ్వండి. రోజంతా ఆఫీసులో లెక్కలు చూసి వచ్చి ఇంట్లోనూ మీరే చూస్తున్నారని ఉత్తరం చదువుతుంటేనే తెలిసిపోతోంది. సంపాదించేవారే లెక్క కూడా పట్టుకుంటే, చదువుకునే మనిషి తన ఇంట్లోనే చేయి చాచే స్థితికి వస్తాడు, ఇల్లు ఎంత ఇరుకున పడిందో అతనికి అంకెల్లో తెలియదు, మీ ముఖం చూసి ఊహించుకోవడమే అవుతుంది. అదే పుస్తకం తన చేతిలో ఉంటే పప్పు ధర, పాల బిల్లు, తన జిరాక్సు ఒకే పేజీలో కనిపిస్తాయి. దేన్ని ముందు కొనాలో, దేన్ని వెనక్కు పెట్టాలో నిర్ణయించేవారిలో తానూ ఒకడవుతాడు.

ఇది నా ఇంట్లో జరిగిన సంగతి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. 1986లో నేను కోఠీలో బ్యాంకు గుమాస్తాగా ఉండగా మా వారు ఉద్యోగం మాని లా చదివారు. మొదటి ఏడాది లెక్క నేనే రాశాను. ఆ ఏడాదంతా మా మధ్య మాట పట్టింపులే. రెండో ఏడాది పుస్తకం ఆయనకు ఇచ్చాను. ఒకరోజు తిరగేస్తే "చెప్పులు" అని రాసి, అంకె ఉండాల్సిన చోట "వాయిదా" అని ఉంది. ఆ కింది వరుసలోనే "ఆమెకు గొడుగు – 28" అని ఉంది. వానాకాలం అది. ఆయన కాళ్లకు ఉన్న చెప్పులు ఎంత అరిగిపోయాయో నేను ఆ పేజీ చూశాకే గమనించాను.

ఇక డబ్బు సంగతికి వద్దాం. అన్నిటికన్నా ముందు ఆ కార్డు బాకీ తీరాలి. కార్డు మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా పడుతుంది, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 46,000కు ఆ లెక్కన నెలకు 1,900 దాకా వడ్డీకే పోతుంది, మీరు కట్టే 3,000లో అసలుకు చేరేది 1,100 మాత్రమే. ఇటు ఇంత వడ్డీ కడుతూ అటు చిట్టీలో నెలనెలా 5,000 దాచుకోవడం నీళ్లు కారే కుండను నింపుతున్నట్టే. వచ్చే నెల పాటలో పాల్గొనండి. 12,000 తగ్గించి పాడుకున్నా చేతికి 88,000 వస్తుంది. చట్టం ప్రకారం 7 శాతానికి మించకూడని సంస్థ కమిషను ఆ తగ్గింపులోనే కలిసి ఉంటుంది. చిట్టీ పాడుకున్నందుకు పోగొట్టుకునే మొత్తం, మిగిలిన నెలల్లో కార్డుకు కట్టే వడ్డీ కన్నా తక్కువే అవుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. పాట గెలిచినవారిని మిగతా వాయిదాలకు జామీను చూపించమంటారు, జీతం వచ్చే ఒకరిద్దరి సంతకాలు అడుగుతారు. ఆ మనుషులను ముందే అడిగి ఉంచుకోకపోతే పాట గెలిచినా డబ్బు చేతికి రావడం ఆలస్యమవుతుంది.

వచ్చిన 88,000లో 46,000 అదే రోజు కార్డుకు కట్టేయండి. కార్డును బీరువాలో పెట్టి తాళం మీ వారికి ఇవ్వండి. మిగిలిన 42,000లో 20,000 పాప ఫీజు వాయిదాకు తీసిపెట్టి, 22,000ను ఎవరూ ముట్టుకోని విడి ఖాతాలో ఉంచండి. ఇంట్లో ఒకే జీతం ఉన్నప్పుడు ఈ 22,000 మీకు తోడబుట్టినవాడిలాంటిది. ఈ ఒక్క పనితో నెలనెలా కార్డుకు పోయే 3,000 మిగిలిపోతుంది.

తర్వాత పెట్రోలు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేటకు బస్సుల కరువు లేదు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం అమలవుతోంది, దీనికి ఆదాయ పరిమితి లేదు. నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ ఇస్తారు. మెట్రో డీలక్స్ ఎక్కితే మాత్రం డబ్బు కట్టాలి. ఉదయం రద్దీలో నిలబడి వెళ్లడం కష్టమేనని నాకు తెలుసు. వారంలో నాలుగు రోజులు బస్సు, రెండు రోజులు స్కూటీ అని పెట్టుకున్నా 1,200 దాకా మిగులుతుంది. ఐదు వందల రూపాయల సిలిండరు, 200 యూనిట్ల ఉచిత కరెంటు కోసం మాత్రం మీసేవ చుట్టూ తిరగకండి. వాటికి ఆహార భద్రత కార్డు ఉండాలి, పట్టణాల్లో ఆ కార్డుకు వార్షికాదాయ పరిమితి రెండు లక్షలు. మీ జీతం ఏడాదికి నాలుగు లక్షలు దాటుతోంది.

తిండి ఖర్చు 9,500ను నేను ముట్టుకోను. ముగ్గురికి అది ఎక్కువేమీ కాదు. పాప గ్లాసులో పాలు తగ్గించి మిగిల్చే డబ్బు ఏదో ఒకరోజు మందుల షాపుకే చేరుతుంది. కూరగాయలు మాత్రం గల్లీ చివర బండి మీద కొనే బదులు సరూర్‌నగర్ రైతు బజారులో ధరల బోర్డు చూసి కొనే పనిని వారానికి రెండుసార్లు మీ వారికి అప్పగించండి. పాపకు జలుబు, జ్వరం లాంటివి వస్తే ముందు బస్తీ దవాఖానాకు తీసుకెళ్లండి. అక్కడ డాక్టరు చూడటం, మందులు, రక్త పరీక్షలు అన్నీ ఉచితం.

మీ వారు కొంత సంపాదించగలరా అన్నది మీరు అడగలేదు, బహుశా ఆయన నొచ్చుకుంటారని అయి ఉంటుంది. బి.ఎడ్. రెండో సంవత్సరంలో పదహారు వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది, పగలు మరో పని చేయడం కుదరదు, చేయమనడం న్యాయమూ కాదు. కానీ సాయంత్రం గంటన్నర సేపు కాలనీలోని ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పవచ్చు. ఆయన రాయబోయే టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) రెండో పేపరు ఆ తరగతుల ఉపాధ్యాయుల కోసం పెట్టిన పరీక్షే. అందులో 150 మార్కులకు 60 లెక్కలు, సైన్సు నుంచి వస్తాయి. ప్రభుత్వ టీచర్లను ఎంపిక చేసే డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. పిల్లలకు భిన్నాలు విడమరిచి చెప్పిన మనిషికి ఆ పాఠం పరీక్షలో తడుముకోవాల్సిన అవసరం రాదు. ఆరుగురు పిల్లలు, ఒక్కొక్కరికి ఏడు వందలు అనుకుంటే నెలకు 4,200. పరీక్షల నెలలో ట్యూషన్ ఆపేస్తానని తల్లిదండ్రులకు ముందే చెప్పి మొదలుపెట్టమనండి.

పాప బడి గురించి ఒక మాట అంటాను, మీకు నచ్చకపోతే వదిలేయండి. ఏడాది మధ్యలో మార్చవద్దు. వచ్చే జూన్‌లో ఒకటో తరగతికి మాత్రం, బడిబాట సమయంలో, మీ ఇంటికి దగ్గర్లో ఉన్న ప్రభుత్వ పాఠశాలకు ఇద్దరూ వెళ్లి ఒక పూట కూర్చుని చూసి రండి. పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం అక్కడ ఉచితమన్నది ఒక సంగతి. మీ వారు జీవితమంతా పాఠం చెప్పాలనుకుంటున్నది అలాంటి బడిలోనే అన్నది నా దృష్టిలో ఇంకా పెద్ద సంగతి. చూసి వచ్చాక ప్రైవేటు బడే మేలని తోస్తే, ఆ ఫీజుకు నెలకు ఎంత దాచాలో పుస్తకంలో ఇప్పుడే ఒక వరుస రాయండి.

అన్నిటికన్నా కష్టమైన విషయం గడువు. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు టీచర్ల నియామక ప్రకటన వచ్చింది. ఆ తర్వాత 2023లో 5,089 పోస్టులకు వచ్చినది రద్దయి, 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులకు కొత్త ప్రకటన వెలువడింది, ఆ అక్టోబరులో నియామక పత్రాలు అందాయి. మధ్యలో ఎన్నేళ్లు గడిచాయో చూడండి. ఆ ఏళ్లన్నీ ఇంట్లో కూర్చుని ఎదురుచూసిన వారి కుటుంబాలు ఎంత నలిగిపోయాయో నాకు వచ్చిన ఉత్తరాలే చెబుతాయి. కాబట్టి నోటిఫికేషన్ తేదీని నమ్ముకుని ఇంటి లెక్క వేయకండి. బి.ఎడ్. పరీక్షలు ముగిసిన తర్వాతి జూన్‌లో జీతం తక్కువైనా ఏదో ఒక ప్రైవేటు పాఠశాలలో చేరి, ఉద్యోగం చేస్తూనే డీఎస్సీకి చదవాలని ఇద్దరూ ఇప్పుడే అనుకోండి. అది ఆయన మీద ఒత్తిడి పెట్టడం అవుతుందని సందేహించకండి. ఇంకా ఎన్ని నెలలు మోయాలో తెలిస్తే మీరు ఓర్చుకోగలరు, ఎన్ని నెలలు మోయిస్తున్నారో తెలిస్తే ఆయన తలెత్తుకుని చదువుకోగలరు.

చివరగా ఆ వంద రూపాయల సంగతి. జీతం పడిన రోజు సాయంత్రం "చదువు" అని పుస్తకంలో మొదటి వరుస రాయించి, వెయ్యి రూపాయలు ఒకేసారి ఆయన చేతిలో పెట్టండి. అందులో జిరాక్సులు, చార్టులు, రికార్డు పుస్తకాలు, స్నేహితులతో టీ అన్నీ ఉంటాయి. దానికి లెక్క అడగకండి.

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో ఉంటాను. జీతం 52,000. పెళ్లయిన ఆరేళ్లకు నా భార్యకు ఎంసీఏలో సీటు వచ్చింది. రెండేళ్లకు ఫీజు 2,20,000. తన ఆరు తులాల బంగారం కుదువ పెడదామని తనే అంటోంది. మా అమ్మ మాత్రం "కోడలి చదువుకు ఇంట్లో బంగారం తాకట్టు పెడతారా?" అంటోంది. విద్యారుణం తీసుకుంటే పన్ను తగ్గుతుందని ఆఫీసులో చెబుతున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: విద్యారుణమే మేలు. దానికి మీ అమ్మగారి అభ్యంతరం కారణం కాదు. ఆ బంగారం మీ భార్యదైతే అది ఆమె స్త్రీధనం, దాని మీద నిర్ణయం ఆమెదే. అసలు చిక్కు గడువులో ఉంది. బంగారం మీద అప్పు సాధారణంగా ఏడాదిలో తీర్చాలి, లేదా వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. చదువు రెండేళ్లది. చదువు సగంలో ఉండగానే అప్పు గడువు ముగుస్తుంది, తీర్చలేకపోతే నగలు వేలానికి వెళ్తాయి. విద్యారుణంలో మాత్రం చదువు పూర్తయ్యాక మరో ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు, ఆ కాలానికి సాధారణ వడ్డీ మాత్రమే లెక్కిస్తారు. నాలుగు లక్షల లోపు రుణానికి మీ వాటా డబ్బు పెట్టనవసరం లేదు, ఆస్తి హామీ కూడా అడగరు. సహ రుణగ్రహీతగా మీ సంతకం ఉంటుంది. విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయండి. మహిళలకు వడ్డీలో అర శాతం రాయితీ ఇచ్చే ప్రభుత్వ రంగ బ్యాంకులు ఉన్నాయి, అడిగి మరీ రాయించుకోండి.

ఫీజును బ్యాంకు ఏ ఏడాదికి ఆ ఏడాది కళాశాలకే చెల్లిస్తుంది. వడ్డీ పది శాతం అనుకుంటే మొదటి ఏడాది 1,10,000 మీద నెలకు తొమ్మిది వందల చిల్లర, రెండో ఏడాది 1,800 దాకా అవుతుంది. ఆ వడ్డీని అప్పటికప్పుడు కట్టుకుంటూ వెళ్తే చదువు ముగిసేసరికి అసలు ఒక్కటే మిగులుతుంది. పన్ను సంగతిలో మీ ఆఫీసువారు చెప్పినది సగమే నిజం. భార్య చదువుకు కట్టిన వడ్డీకి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉన్న మాట వాస్తవమే, కానీ అది పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. 2025–26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు వల్ల పన్ను పడదు కాబట్టి, మీ జీతానికి ఆ మినహాయింపుతో పని లేదు. దాని కోసం పాత విధానంలోకి మారకండి.

ఇక మీ అమ్మగారు. ఆమె బాధ బంగారం గురించి కాకపోవచ్చు. కోడలు పొద్దున్నే కళాశాలకు వెళ్తే ఈ వయసులో వంట మళ్లీ తన మీద పడుతుందన్న దిగులు చాలామంది అత్తగార్లకు ఉంటుంది, అది తప్పు పట్టాల్సిన దిగులు కాదు. "భార్యకు సాయం చేస్తాను" అనకుండా, ఉదయం వంట నాది అని చెప్పి రేపటి నుంచే బియ్యం కడిగి పెట్టండి. అమ్మగారి మాట దానంతట అదే మెత్తబడుతుంది.

ప్రశ్న: మా వారు పీహెచ్‌డీ చేస్తున్నారు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్) ఫెలోషిప్ నెలకు 37,000. ఇద్దరు పిల్లలతో ఆ డబ్బుతోనే బతుకుతున్నాం. కానీ అది మూడు నెలలకోసారి కలిపి పడుతుంది. పడిన నెల బాగానే ఉంటుంది, తర్వాతి రెండు నెలలు చేబదుళ్లే. ఏం చేయాలమ్మా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: డబ్బు పడే ఖాతా వేరు, ఇల్లు నడిచే ఖాతా వేరు చేయండి. ఫెలోషిప్ ఎప్పుడు ఎంత పడినా మొదటి ఖాతాలోనే ఉండనివ్వండి. ఒకటో తారీఖున 29,000 మీ ఖాతాకు దానంతట అదే బదిలీ అయ్యేలా బ్యాంకులో చెప్పి పెట్టించండి. ఆ 29,000 మీ ఇంటి జీతం. మిగిలే 8,000 చొప్పున ఏడాది తిరిగేసరికి మూడు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ అవుతుంది, అప్పుడు ఆలస్యమైనా మీ వంటింట్లో తెలియదు. ఆ నిల్వ అయ్యేదాకా చేబదులు ఒక్కరి దగ్గరే తీసుకోండి, తారీఖు చెప్పి తీసుకోండి, డబ్బు పడిన రోజే ఇచ్చేయండి. నెలనెలా విశ్వవిద్యాలయం నుంచి వెళ్లాల్సిన ధ్రువీకరణ ఆగిపోవడం వల్ల కూడా ఫెలోషిప్ ఆలస్యమవుతుంటుంది, ప్రతి నెలాఖరున అది వెళ్లిందో లేదో చూసుకోవడం మీ వారి పని.

రెండేళ్ల తర్వాత పని తీరు చూసి సీనియర్ రీసెర్చ్ ఫెలోగా, అంటే ఎస్‌ఆర్‌ఎఫ్‌గా మారిస్తే మొత్తం 42,000 అవుతుంది. అప్పుడు ఇంటి జీతం పెంచకండి, ఆ 5,000 నిల్వలోకే వెళ్లనివ్వండి. ఫెలోషిప్‌కు మొత్తం గడువు ఐదేళ్లు. అది ఏ నెలతో ముగుస్తుందో క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, అంతకు ఆరు నెలల ముందు నుంచే ఒకటో తారీఖు బదిలీని 25,000కు దించండి.